పుట్టింటి గిన్నె

నమోదు 211

మా గంగరత్నకు అండాలు పండాయి. ఈ చల్లదొన సొరంగాల్లో ఉన్నవాళ్ళందరూ వినండి, నా కూతురికి అండాలు పండాయి.

ఇది మొలకల మడి చిట్టా అని నాకు తెలుసు. ఎన్ని కడవల నీళ్ళు పోశాను, ఊదా దీపం ఎంతసేపు వెలిగించాను, బూజు ఎక్కడ పట్టింది, ఇవి తప్ప ఇందులో ఇంకేమీ రాయకూడదని మడి పెద్ద ఇదివరకే రెండుసార్లు మందలించాడు. సరే. నీళ్ళు పోశాను. దీపం వేశాను. బూజు లేదు. మిగతా పేజీ నాది.

పొద్దున సొరంగంలోకి గాలి వదిలే గంట మోగగానే షంషాద్ డాక్టరమ్మ ఆసుపత్రికి రమ్మని కబురు పెట్టింది. గుండె చేత్తో పట్టుకుని వెళ్ళాను. గంగరత్న మంచం మీద కూర్చుని నవ్వుతోంది. అల్లుడు ఎర్రిస్వామి గోడకు ఆనుకుని, కళ్ళల్లో నీళ్ళు కిందికి జారకుండా సొరంగం కప్పు వైపు చూస్తున్నాడు.

పెళ్ళయినప్పటి నుంచి ఆ పిల్లకు అండం సగంలోనే ఆగిపోయేది. పైన, నేల మీద, ఆ ఎండల్లో చిన్నతనం గడిచిన ఆడపిల్లల్లో చాలామందికి ఇదే బాధ. నెలనెలా రావలసింది నాలుగు నెలలకోసారి వచ్చేది. పై పెదవి మీద నూగు మొలిస్తే దారంతో తీయించుకుని, కొంగు అడ్డం పెట్టుకుని తిరిగేది. అలాంటి పిల్ల ఒంట్లోంచి పోయిన వారం డాక్టరమ్మ అండాలు తీసింది. పండినవే తీసింది. వాటిలో రెండు పిండాలై ఇప్పుడు ఆసుపత్రి చల్లపెట్టెలో క్షేమంగా ఉన్నాయి.

రెండే. మళ్ళీ అండాలు తీయడం ఆమె ఒంటికి మంచిది కాదట. ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూస్తారట, అంతే. డాక్టరమ్మ జాగ్రత్తగా చెప్పిన ఆ మాట కూడా నాకు తియ్యగానే వినిపించింది. ఒక్కటీ లేని ఇంటికి రెండు.

"నా ఎర్రపొడి చేసిందమ్మా ఈ పని," అన్నాను.

"పొడి వల్లనే అని నేను చెప్పలేను పెద్దాయనా," అంది డాక్టరమ్మ. "సూదులేసినాం, తిండి మార్చినాం, ఆ పిల్ల బరువు తగ్గింది. పొడి కూడా సాయం చేసి ఉండచ్చు."

"ఉండచ్చు ఏందమ్మా. చేసింది."

"మీరిట్ల ఊరంతా చాటొద్దు. సరేనా?"

చాటనని మాటిచ్చి బయటికి వచ్చి, బండి తోలే బాబయ్యకు చెప్పాను. బాబయ్యకు చెబితే నాలుగు దొనలకూ చెప్పినట్టే.

పొడి సంగతి కూడా రాస్తాను, నా మడికి వచ్చిన గౌరవం కదా. వేరుశనగ మొలకలను ఊదా దీపం కింద పెట్టి, ఇనుప దువ్వెనతో మెల్లగా గీస్తాను. గాయమైన చోట మొలక తనను తాను కాపాడుకోవడానికి ఒక పదార్థాన్ని తయారు చేసుకుంటుంది. రెస్వెరట్రాల్ అంటారు. నాకు నోరు తిరగదు. గీరిన చోట మొలక ఎర్రబడుతుంది, దాన్ని ఆరబెట్టి పొడి కొడతాను, నాకది ఎర్రపొడి. ఎంత వేయాలో చెప్పింది డాక్టరమ్మే, ఆసుపత్రి కోసం ఈ మడి వేయించిందీ ఆమే. కానీ దువ్వెన పట్టిన చెయ్యి నాది. ఆ పొడి కలిపిన సంగటి ముద్ద నా ఇంటి నుంచి, పుట్టింటి గిన్నెలో నా బిడ్డకు వెళ్ళింది.

నమోదు 214

నీళ్ళు పోశాను. మూడో అరలో కొంచెం బూజు, తుడిచాను.

మనుషులు నా మడికి వరుస కట్టారు. రాకపోకలు లేని బంధువులు కూడా మాటపెట్టెలో పలికారు. ఎవరింట్లో పిల్లలు లేని కూతురుందో, ఎవరింట్లో కోడలికి నెల తప్పడం లేదో, అన్నీ ఈ మూడు రోజుల్లో నాకు తెలిసిపోయాయి. నేను ఎవరికీ లేదనలేదు. ఆసుపత్రి వాటా తీసిపెట్టి, మిగిలింది చిన్న చిన్న పొట్లాలు కట్టాను. పెద్దదొనకు, ఉప్పుదొనకు, జాలిదొనకు బాబయ్య బండిలో పంపాను. ప్రతి పొట్లంతో ఒకటే మాట చెప్పించాను: మొదలుపెట్టినాక ఆపొద్దు.

ఆ మాట నాకెవరూ చెప్పలేదు. గిన్నె ఆచారం నుంచి నేనే తీసుకున్నాను. మా దొనల్లో ఆసుపత్రికి పోయే ఆడపిల్లకు కడుపు నిలిచేదాకా పుట్టింటి నుంచి రోజూ గిన్నె పోవాలి. మొదటి రోజు గిన్నెలో ఏముంటే చివరి రోజు గిన్నెలోనూ అదే ఉండాలి. తగ్గిస్తే పుట్టిల్లు చెయ్యి వెనక్కి తీసుకున్నట్టు. పైనుంచి దిగివచ్చిన తొలి ఏడాదుల్లో తిండి చాలక, ఆడపిల్లల గిన్నె పలచన కాకూడదని పెద్దవాళ్ళు పెట్టిన కట్టుబాటు ఇది. మా ఆడామె, గంగరత్న తల్లి, ఇప్పుడు లేదు కాబట్టి గిన్నె కూడా నా చేతుల మీదే.

జాలిదొన నుంచి మా చెల్లెలు సాకమ్మ మాట్లాడింది. ఆమె కూతురు సుంకులుకు కూడా ఆసుపత్రిలో పిండం పెడతారట.

"అన్నా, సుంకులుకు రెండు పొట్లాలు పంపు. దానికీ నీ చేతి చలవ తగలనీ."

"రెండు ఏం లెక్క, నాలుగు పంపుతా."

పక్కనే నిలబడి వక్క లాంటిదేదో నములుతున్న బాబయ్య నవ్వాడు. "ఏం వన్నూరప్పా, ఇంకో నాలుగు దినాలు పోతే నీకే కడుపొచ్చేటట్టుంది. నడక చూడు, ఎట్ల ఎదురు రొమ్ము పెట్టుకొని నడుస్తాండావో."

నాకు కోపం రాలేదు. నిజంగానే అలా నడుస్తున్నాను.

నమోదు 219

నీళ్ళు సగమే వచ్చాయి. ఉన్నవి మొలకలకు పోసి, నా స్నానం మానేశాను.

రేపు మొదటి పిండం పెడతారు. ఈరోజు డాక్టరమ్మ మమ్మల్నందరినీ కూర్చోబెట్టింది. నేను, గంగరత్న, అల్లుడు, అల్లుడి తల్లి లింగమ్మ వదిన.

"పొడి ఈ పొద్దుతో నిలిపేయాల," అంది.

నేను వినబడనట్టు చూశాను. ఆమె నా వైపే తిరిగి మళ్ళీ చెప్పింది.

"పెద్దాయనా, అండం పండేదానికి అది మేలు చేసుండచ్చు. పిండం అతుక్కునేటప్పుడు మాత్రం వద్దు. గర్భసంచి లోపలి పొర మెత్తబడి, ఉబ్బి, పిండాన్ని పట్టుకునేదానికి తయారయ్యే దినాలివి. ఆ తయారీని ఈ పదార్థం అడ్డుకుంటాదని అనుమానం ఉంది. నిలపకుండా తింటా పోయినోళ్ళకు కడుపు నిలిచేది తక్కువైంది, నిలిచింది జారిపోయేది ఎక్కువైంది అని చూసినోళ్ళు రాసినారు. గట్టిగా తేలలేదు. తేలనప్పుడు మనం జాగ్రత్తగా ఉండాల."

"అంటే అనుమానమే కదమ్మా."

"అనుమానమే. దాని కోసం ఉండే రెండిట్లో ఒకటి పోగొట్టుకుంటామా?"

లింగమ్మ వదిన వెంటనే అందుకుంది. "అన్న వింటాడులేమ్మా. ఆయప్పకు ఆ పొడి మీద ఉండే ప్రేమ మా కోడలి మీద ఉంటే చాలు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, తలూపాను.

ఇంటికి వచ్చి ఆలోచించాను. బిడ్డకు ఇన్నాళ్ళు లేని అండాలను పండించిన వస్తువు, అదే బిడ్డ కడుపుకు చెరుపు ఎట్లా చేస్తుంది. డాక్టరమ్మ మంచిదే, పుస్తకాలు చదివింది, కానీ ఆమెకే గట్టిగా తెలియదని ఆమె నోటితోనే అంది. గిన్నె పలచన చేసిన తండ్రిని నేను కాలేను. సంగటిలో వేస్తే రంగు తెలుస్తుంది. వేయించిన వేరుశనగలు, ఎండుమిరపకాయలు, చింతపండు నూరి ఊరిబిండి చేస్తాను కదా, అందులో కలిపితే తెలియదు. పొట్టు ఎరుపు, మిరప ఎరుపు, పొడి ఎరుపు.

కలిపాను. కొంచెం ఎక్కువే కలిపాను. చాలా తెలివైన పని చేసినట్టు అనిపించింది.

నమోదు 224

బాగుంది, అంతా బాగుంది. పిండం పెట్టి నాలుగు రోజులైంది. గంగరత్న హుషారుగా ఉందట. గిన్నె రోజూ ఖాళీగా తిరిగి వస్తోంది, నాకు అంతకంటే ఏం కావాలి.

అల్లుడు గిన్నె తిరిగి ఇస్తూ, "మామా, ఊరిబిండి రోంత వగరుగా ఉంటాందే," అన్నాడు.

"చింతపండు పాతది నాయనా."

అల్లుడు మంచివాడు, నమ్మాడు.

నమోదు 231

నీళ్ళు పోశాను. దీపం వేశాను.

నిలవలేదు.

ఆసుపత్రి గదిలో గంగరత్న గోడ వైపు తిరిగి పడుకుంది. ఎర్రిస్వామి ఆమె పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. గంగరత్న తల తిప్పి నన్ను చూసి, "నాయనా, పోయింది," అంది. అంతే. నా గొంతులోంచి ఏదో ధైర్యం మాట వచ్చింది, ఏమన్నానో గుర్తులేదు. ఇంకొకటుంది కదా అన్నానేమో.

తర్వాత డాక్టరమ్మ అందరినీ బయటి గదిలో నిలబెట్టింది. రక్తం చూశారట. అందులో ఎర్రపొడి జాడ ఉందట, నిన్న మొన్న తిన్నంత ఉందట.

"ఎవరు పెట్టినారు?" అంది. గొంతు పెంచలేదు.

గంగరత్న తినలేదని ఎర్రిస్వామి చెప్పాడు. ఇంట్లో మిగిలిన పొట్లాలన్నీ ఆ రోజే తన చేతులతో మూటగట్టి తెచ్చి ఆసుపత్రిలో ఇచ్చానన్నాడు. అప్పుడు అందరి చూపూ లింగమ్మ వదిన మీదికి పోయింది. రోజూ ఆ పిల్ల పక్కన కూర్చుని తినిపించింది ఆమే. మనవడి కోసం ఆత్రపడుతున్నదీ, నా దగ్గర పొట్లం అడిగి తీసుకున్నదీ ఆమే. ఆ పొట్లం తన చిన్న కూతురి కోసం అడిగిందని నాకు తెలుసు.

"నేను పెట్టలేదమ్మా," అంది వదిన. "నా బిడ్డల మీద ఒట్టు."

ఎర్రిస్వామి తల్లి వైపు చూడకుండా తల దించుకున్నాడు.

నేను నోరు తెరవలేదు.

నా నోరు ఎప్పుడూ మూతపడదని దొనంతా అంటుంది. పడింది.

నమోదు 232

మడి దగ్గరికి లింగమ్మ వదిన వచ్చింది. ఆమె నా మడిలోకి రావడం ఇదే మొదలు. మొలకల మధ్య నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అన్నా, నా కొడుకు నాతో మాట్లాడడంల్యా. వంటింట్లోకి రావద్దనినాడు. వాడు పుట్టినాక నన్ను ఇంత మాట అనింది లేదు."

"కూర్చో వదినా."

"కూర్చునేదానికి రాలేదు. నువ్వు నీ బిడ్డకు చెప్పు, మీ అత్త అట్లాంటిది కాదమ్మా అని. నీ మాట వింటాది. నేను నోటి దురుసు మనిషినే, నాకు తెలుసు. నీ పొడిని ఎగతాళి కూడా చేసినా. అంతేగాని నా ఇంటి దీపాన్ని నేనే ఆర్పుకుంటానా?"

నేను దువ్వెన చేతిలో పట్టుకుని నిలబడ్డాను. చెప్పాలి. ఇప్పుడు చెప్పాలి. నా ఎదురుగా ఒక ఆడమనిషి నా పాపం మోసుకుంటూ నిలబడింది.

"విచారిద్దాంలే వదినా," అన్నాను.

ఆమె నన్ను కాసేపు చూసింది. "ఇన్నేండ్లల్లో నువ్వు ఒక్క మాటతో సరిపెట్టింది ఇదే అన్నా," అని వెళ్ళిపోయింది.

ఎర్రపొడి డబ్బా అర మీద ఉంది. దాని వంక చూడలేకపోయాను. గోనెసంచి కప్పాను.

నమోదు 234

చెప్పాను.

ఖాళీ గిన్నె పట్టుకుని కూతురి ఇంటికి వెళ్ళాను. ఆమె మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఎర్రిస్వామి పనికి పోయాడు. లింగమ్మ వదిన గడప అవతల కూర్చుని ఉంది, సొంత ఇంట్లో పరాయి మనిషిలా.

"ఊరిబిండిలో కలిపినా," అన్నాను. ముందూ వెనకా ఏమీ చెప్పలేకపోయాను.

గంగరత్న చేతులు ఆగాయి. "ఏం కలిపినావు నాయనా?"

"పొడి. డాక్టరమ్మ ఆపమన్యాక కూడా. దినామూ."

ఆమె ఏడుస్తుందని అనుకున్నాను. తిడుతుందని అనుకున్నాను. ఆమె ఒక చొక్కా తీసి మెల్లగా మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది.

"గిన్నె పలచన కాకూడదని చేసినానమ్మా. నీకు మేలు చేసింది కదా అని."

"అంతేనా?"

అంతే కాదు. ఆ పిల్లకు నా సంగతి తెలుసు. నా పొడి అవసరం తీరిపోయిందంటే ఒప్పుకోలేకపోయాను. కడుపు నిలిచిన రోజున అది కూడా నా పొడి వల్లే అని అందరూ అనాలని ఉండింది. నాలుగు దొనల్లో ఎదురు రొమ్ము పెట్టుకుని నడవాలని ఉండింది. ఆమె అడిగాక అది కూడా చెప్పాను.

గంగరత్న చిన్నప్పుడు నాతోనే విత్తనాల మడిలో పెరిగింది. వేరుశనగ పువ్వు వాడిపోయాక దాని మొదలు నుంచి సన్నటి ఊడ ఒకటి కిందికి వంగి మట్టిలోకి దిగుతుంది. ఆ ఊడ మట్టిని పట్టుకుంటేనే కాయ. అందుకని ఆ రోజుల్లో మడిలో ఎవరినీ కాలు పెట్టనివ్వను. కలుపు ఉన్నా పీకనివ్వను. చిన్నపిల్లగా ఒకసారి ఆమె అక్కడ పుల్లతో మట్టి గెలికితే, వీపు మీద ఒకటి వేశాను కూడా.

"ఊడలు దిగేటప్పుడు నువ్వు మట్టి కదిలిస్తావా నాయనా?" అంది.

ఆ మట్టి కదలకుండా కాయడమే ఇంతకాలం నేను చేసిన పని, నాకు వచ్చిన ఒకే ఒక్క పని. డాక్టరమ్మ చెప్పింది అచ్చంగా అదే సంగతి. ఆ రోజు చెవిన పెట్టలేదు.

గడప అవతల నుంచి లింగమ్మ వదిన లేచి వచ్చింది. నన్ను తిడుతుందని తల దించుకుని నిలబడ్డాను. తిట్టింది కూడా.

"థూ, నీ నోట మన్ను పడ. నేను నీ ఎదురుగా ఏడ్చినప్పుడైనా చెప్పొద్దా? విచారిద్దాంలే అంటాడు, విచారిద్దాంలే. ఏం విచారించినావు, నీ అరికాళ్ళా?"

తిట్టి తిట్టి అలసిపోయి, కోడలి పక్కన కూర్చుంది. గంగరత్న ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. నా దగ్గర కాదు, అత్త దగ్గర.

కొంతసేపటికి నా చేతిలోని గిన్నె తీసుకుని బోర్లించి, మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. "ఇంక గిన్నె పంపొద్దు నాయనా."

నమోదు 238

నీళ్ళు పోశాను. పొద్దున మొలకలు గీయలేదు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. నా వల్లే పోయిందా అని అడిగాను.

"తెల్దు పెద్దాయనా. పొడి లేకున్నా పోయేవి పోతాయి. మీ వల్ల అని నేను చెప్పలేను. మీ వల్ల కాదు అని కూడా చెప్పలేను."

అవునంటే ఏడ్చేవాణ్ణి. కాదంటే ఇంటికి పోయి నిద్రపోయేవాణ్ణి. ఆమె రెండూ ఇవ్వలేదు.

మడి తీసేస్తానన్నాను. ఆమెకు అప్పుడు కోపం వచ్చింది.

"మడి తీసేయమని ఎవరు చెప్పినారు? అండం పండక అవస్థ పడే ఆడోళ్ళు ఇంకా ఉండారు. వాళ్ళకు కావాల. ఎంత తినాల, ఎప్పుడు ఆపాల అనేది నేను చెప్తా. గీరడం వరకే మీ పని."

సరే అన్నాను. మడికి వచ్చి దువ్వెన పట్టుకున్నాను. మొలకలు ఎర్రబడుతుంటే మునుపటిలా సంబరంగా లేదు.

నమోదు 243

జాలిదొన నుంచి సాకమ్మ మాట్లాడింది.

"అన్నా, సుంకులుకు నిలవలేదు. పదిహేను దినాలు నిలిచినట్టే నిలిచి పోయింది."

నా నోట వచ్చిన మొదటి మాట: "పొడి తినిందా?"

"తినకుండా ఎట్లుంటాది? నువ్వు ఆపొద్దని చెప్పి పంపింటివి కదా. ఒక్క దినం తప్పలేదన్నా. డాక్టరు వాళ్ళకు కూడా చెప్పలేదు, మా అన్న మందు ఇది, మధ్యలో చెప్పి ఎందుకు ఆపించుకోవల్ల అని." మళ్ళీ తనే, "దానికి రాత లేదులే. నీ మందు తిని కూడా నిలవలేదంటే ఇంకేం చేస్తాం," అంది.

నా మందు తిని కూడా.

చెప్పాలి అనుకున్నాను. కూతురికి చెప్పాను కదా, చెల్లెలికి చెప్పలేనా అనుకున్నాను. "బాగా చూసుకో సాకమ్మా దాన్ని," అన్నాను. ఆ తర్వాత తీగ తెగిపోయింది. తెగకపోయినా చెప్పేవాణ్ణి కాదు.

పంపిన పొట్లాలన్నీ ఇంకా ఆయా ఇళ్ళల్లోనే ఉంటాయి. వాటితోపాటు పంపిన మాట కూడా.

నమోదు 251

నీళ్ళు పోశాను. ఐదో అరలో దీపం చెడిపోయింది, బాగు చేయించాను.

రెండో పిండం ఈరోజు పెట్టారట. చల్లపెట్టెలో ఇంక ఏమీ లేదు. నన్ను రమ్మనలేదు. రమ్మనకపోవడమే న్యాయం. వంట లింగమ్మ వదిన చేస్తోంది. మా దొనల్లో అత్తింటి గిన్నె అనే మాటే లేదు, అయినా రోజూ ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది, నా బిడ్డ తింటోంది.

బాబయ్య బండి ఆపి, "గిన్నె లేదా ఈ పొద్దు?" అన్నాడు. లేదన్నాను. ఇంకేమీ అడగలేదు, ఎగతాళి చేయలేదు. అతడు ఎగతాళి చేసి ఉంటే బాగుండేదనిపించింది.

నమోదు 264

నిలిచింది. నిలిచింది, నిలిచింది. గంగరత్నకు కడుపు నిలిచింది.

నాకు మొదట తెలియలేదు. బాబయ్య బండి తోలుకుంటూ వచ్చి, దిగకుండానే, "ఏం తాతా," అన్నాడు. నేను వన్నూరప్పను కదా, తాత ఎవరా అని వెనక్కి చూశాను. వెనక ఎవరూ లేరు. అప్పుడు అర్థమై, నీళ్ళ కడవ కాళ్ళ మీద పడేసుకున్నాను. ఒక కడవ నీళ్ళు వృథా అయ్యాయని మడి పెద్దకు ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

పరుగెత్తాను. వాళ్ళ గడప దాకా పరుగెత్తి, గడప దగ్గర ఆగిపోయాను. లోపలికి పోవడానికి ముఖం చెల్లలేదు. లింగమ్మ వదిన చూసింది.

"ఏం, బొట్టు పెట్టి పిలవల్లనా? రా అన్నా లోపలికి. చేతిలో ఏం తేలేదు కదా?"

రెండు చేతులూ చాపి చూపించాను. ఆమె నిజంగానే చూసింది, తర్వాత నవ్వింది.

గంగరత్న ముఖం ఎలా ఉందో రాయడం నాకు రాదు. పక్కన కూర్చోమంది. కూర్చున్నాను. ఆమె తల మీద చెయ్యి పెట్టాలనుకుని ఒళ్ళోనే పెట్టుకున్నాను. ఆమే నా చెయ్యి తీసుకుంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి ఎక్కిళ్ళు పట్టాయి. ఎర్రిస్వామి నీళ్ళు తెచ్చాడు.

"ఇంకా తొలి దినాలే మామా, జాగ్రత్తగా ఉండాలనింది డాక్టరమ్మ," అన్నాడు. జాగ్రత్త అనేటప్పుడు నా వైపు చూడకుండా ఉండాలని చాలా ప్రయత్నించాడు పాపం.

"నాయనా," అంది గంగరత్న, "కడుపు నిలిచిన సంగతి బంధువులకు చెప్పేది పుట్టింటోళ్ళు కదా. పోయి చెప్పు."

ఆ మాటకు నేను లేచి నిలబడ్డాను. నాకు ఆ మర్యాద మిగిల్చింది, ఇంత చేశాక కూడా. "ఇప్పుడే పోతా. పెద్దదొనలో మీ చిన్నాయనకు, ఉప్పుదొనలో మీ పెద్దత్తకు, జాలిదొనలో…"

జాలిదొన దగ్గర ఆగిపోయాను.

"వీళ్ళల్లో నీ పొడి పోనిది ఎవరింటికి?" అంది.

ఒక్క ఇల్లు కూడా లేదు.

"అయితే ముందు అది చెప్పు. ఆపొద్దని చెప్పి పంపినావు కదా, ఆపమని నువ్వే చెప్పల్ల. మాటపెట్టెలో కాదు, ఇంటికి పోయి చెప్పు. నాకు ఏం జరిగిందో కూడా చెప్పు. ఆ తర్వాత నా బిడ్డ సంగతి చెప్పు."

"ముందు సంతోషం చెప్పి, తర్వాత మెల్లగా…"

"వద్దు నాయనా. సంతోషం ముందు చెబితే నీ పొడి వల్లనే అనుకుంటారు. ఇంకో పొట్లం అడుగుతారు."

నిజమే. నేను కూడా అడ్డు చెప్పను, నాకు తెలుసు. ఎవరైనా నీ చేతి చలవ అంటే నా నోరు మళ్ళీ మూతపడుతుంది.

రేపు బాబయ్య బండిలో బయలుదేరుతున్నాను. మొలకలకు నీళ్ళు పోసేందుకు పక్క మడివాళ్ళను ఒప్పించాను. చెప్పవలసిన వాళ్ళు వీళ్ళు:

పెద్దదొనలో మా తమ్ముడు పెన్నయ్య. వాడి కోడలికి ఈ వారంలో పిండం పెడతారట, అందుకని అందరికంటే ముందు ఆ ఇల్లు. ఆ పిల్ల చేతిలోని పొట్లం నేనే అడిగి తీసుకోవాలి.

అదే దొనలో మా బావమరిది తిప్పన్న, అతడి ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయికి నెల తప్పిందని విన్నాను. ఇంకా తింటుంటే ఆపి, డాక్టరుకు చూపించుకోమని చెప్పాలి. తిప్పన్న కొట్టినా కొడతాడు. ఊరుకోవాలి.

ఉప్పుదొనలో మా అక్క అనుమక్క, ఆమె మనవరాలు. ఆ పిల్లకు ఇంకా అండమే పండలేదు, పొడి ఆమెకు పనికి రావచ్చు. కానీ షంషాద్ డాక్టరమ్మ చెప్పినంత, చెప్పినన్ని రోజులు. నా లెక్క కాదు.

ఉప్పుదొనలోనే లింగమ్మ వదిన చిన్న కూతురు. వదిన తానే చెబుతానంది. నేనూ వస్తానన్నాను. సరే, నా వెనక నిలబడు అంది.

అక్కడే ఓబులప్ప మామ. ఆయనకు తొంభై దాటాయి, ఇంట్లో ఆడవాళ్ళెవరూ లేరు, పొట్లం ఎందుకు పంపానో నాకే తెలియదు. ఆయనకు సంతోషం ఒక్కటే చెప్పవచ్చు. గట్టిగా అరిచి చెప్పాలి, వినబడదు.

చివరికి జాలిదొన. మా చెల్లెలు సాకమ్మ, సుంకులు. ఊరిబిండి సంగతి, డాక్టరమ్మ ఆపమన్న సంగతి, ఆ రోజు మాటపెట్టెలో నాకు తెలిసి కూడా చెప్పని సంగతి, అన్నీ చెప్పాలి. నా వల్లే పోయిందా అంటే తెలియదని చెప్పాలి. దాని రాత అన్న మాట మాత్రం సాకమ్మ నోట ఇంకోసారి రానివ్వకూడదు. ఆ ఇంట్లో గంగరత్న సంగతి నా అంతట నేను ఎత్తను. సుంకులు అడిగితే చెబుతాను.